ఐదో వరుస అక్షరాలు

పోయిన వారం భాగంలో వెర్నా పిట్స్‌ని బస్టాండులో వదిలి వచ్చాం. తొమ్మిది గంటలు కూర్చుని కూర్చుని పాదాలు రెండూ పొంగిపోయి, కొడుక్కోసం చేసిన పీకాన్ కేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని దిగిందామె. కొడుకు గ్యారెట్ అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆమె అతని ఎడమ పక్కకు వచ్చి నిలబడింది. నవ్వింది. చెయ్యి ఊపింది. వాడు చూడలేదు. భుజం మీద చెయ్యి పడ్డాక పాము మీద కాలేసినవాడిలా ఉలిక్కిపడ్డాడు.

"దొంగలా వస్తావేంటమ్మా" అని కావలించుకున్నాడు.

అంతకు రెండు వారాల ముందు బేస్‌బాల్ ప్రాక్టీసులో నేల మీద దొర్లుతూ వచ్చిన బంతి ఏదో గులకరాయికి తగిలి ఎగిరి, వాడి ఎడమ కంటి కింద కొట్టింది. ఏమీ లేదన్నాడు. కమిలిందంతే అన్నాడు. ఏమీ లేదని ఎవరైనా అంటే ఏదో ఉందనే వెర్నాకు అర్థం. కుర్రాళ్లను జట్లలోకి ఏరుకునే పంతొమ్మిదో రౌండులో, జట్లవాళ్లకు నిద్ర ముంచుకొచ్చే వేళకు ఎంపికైన కుర్రాడు, నాలుగేళ్లలో ఒక్కో మెట్టూ ఎక్కి డబుల్-ఎ దాకా వచ్చాడు. ఇంకో మెట్టు ట్రిపుల్-ఎ. దాని పైన ఇక మిగిలింది టీవీలో కనబడే అసలు లీగే. ఇంత ఎత్తుకు ఎక్కాక కింద పడితే ఎముక మిగలదని ఆ తల్లికి రోజూ ఒకటే దిగులు.

ఆదివారం పొద్దున. గ్యారెట్ ఉంటున్నది జూన్ టాలీ అనే ఆవిడ ఇంట్లో. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన ఈ జూన్, ఊరి జట్టు ఫెర్రీమెన్ కుర్రాళ్లకు ఏటా మేడ మీద గది ఇస్తుంది. అప్పుడే కాల్చిన మెత్తటి బిస్కెట్ రొట్టెలు, పైన పోసుకునే గ్రేవీ టేబుల్ మీద పెట్టి, "కూర్చోండి వెర్నా, మీరు లేచారంటే నేను ఒప్పుకోను" అంది.

గ్యారెట్ కాఫీ పాత్ర అందుకున్నాడు. తల్లి కప్పులో పోయబోయాడు. కప్పుకు బొటనవేలంత ఇవతల, సన్నగా, నిదానంగా, ఏ అనుమానమూ లేకుండా టేబుల్ గుడ్డ మీద పోశాడు.

"టేబుల్ కూడా కాఫీ అడిగిందేంటయ్యా ఇవాళ" అంది జూన్.

"పాపం, దానికీ తలనొప్పి ఉండదా" అన్నాడు వాడు. గుడ్డ తీసి తుడిచాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

వెర్నా నవ్వలేదు. వాడు తన కప్పు చెవి పట్టుకోడానికి రెండుసార్లు వేలు చాచాడు. మొదటిసారి గాలిని పట్టుకున్నాడు. ఆమె అర్కన్సాలోని తమ ఊరి స్కూలు వంటింట్లో ఇరవై రెండేళ్లుగా మూడు వందల పళ్లాలు నింపుతున్న మనిషి. ఏ పిల్ల ఎలా చెయ్యి చాస్తుందో చూసి, ఎవరు పస్తులున్నారో ఎవరికి జ్వరమో చెప్పగలదు. కొడుకు చెయ్యి ఆమెకు చెప్పింది. ఏం చెప్పిందో నోటితో అనుకోడానికి ధైర్యం చాలలేదు.

"నిద్ర పట్టిందా రా?"

"శుభ్రంగా."

"కన్ను?"

"అమ్మా." వాడు బిస్కెట్ విరిచాడు. "ఇవాళ మదర్స్ డే. ఇవాళైనా నువ్వు హాయిగా ఉండకూడదా?"

మదర్స్ డే రోజు ఫెర్రీమెన్ జట్టులో ఒక ఆనవాయితీ ఉంది. రాగలిగిన తల్లులను పన్నెండింటికల్లా మైదానానికి పిలుస్తారు. కుర్రాళ్లు బట్టలు మార్చుకునే గదులు, కట్లు కట్టే గది అన్నీ చూపిస్తారు. రెండింటికి ఆట మొదలయ్యే ముందు ప్రతి తల్లీ మైదానంలో నిలబడి తన కొడుక్కి ఒక బంతి విసురుతుంది. కొడుకు పట్టుకుని, వచ్చి ముద్దు పెట్టుకుంటాడు. జనం చప్పట్లు కొడతారు. అంతకు మించి ఏమీ ఉండదు. వెర్నాకు ఉత్తరం వచ్చినప్పుడు భర్త డ్వేన్ చదివి, "బంతి సరిగ్గా వెయ్యి, పరువు తీయకు" అన్నాడు. కోళ్ల ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. ట్రిపుల్-ఎకి వెళ్లిన రోజున దొరికించుకుంటానని చెప్పమన్నాడు.

ఆ మధ్యాహ్నం మొత్తం ఏడుగురు తల్లులు వచ్చారు. తలుపు దగ్గర ఒకమ్మాయి అందరికీ గులాబీ రంగు కార్నేషన్ పువ్వు పెడుతోంది. నడవాలో బల్ల మీద కాలు చాపుకుని, మోకాలి కింద ఐసు సంచి కట్టుకుని విల్మర్ కూర్చున్నాడు. వెనెజులా కుర్రాడు. రెండో బేస్ దగ్గర ఆడతాడు. రెండో, మూడో బేస్‌ల మధ్య కాచే షార్ట్‌స్టాప్ గ్యారెట్‌కీ వాడికీ మధ్య పదిహేను గజాలు ఉంటుందేమో. ఇద్దరూ కలిసి ఒక్క బంతికి ఇద్దరిని ఔట్ చేస్తుంటే చూడముచ్చటగా ఉంటుందని గ్యారెట్ ఫోన్‌లో చెప్పేవాడు.

"మిస్ వెర్నా, మా అమ్మ రాలేదు. ఆమె వంతు పువ్వు కూడా మీరే పెట్టుకోవాలి" అని తన చొక్కాకున్న పువ్వు తీసి ఇచ్చాడు.

"కాలికేమైంది నాయనా?"

"కుట్లు. నాలుగే." వాడు ఐసు సంచి కొంచెం జరిపి చూపించాడు. బేస్ మీదకి జారుకుంటూ వచ్చినవాడి బూటు మేకులు ఎముక దాకా గీరాయి. "బంతి కొంచెం ఆలస్యంగా వచ్చింది. కొంచెం పైకి. నేను ఎగిరి పట్టుకుని దిగేసరికి వాడు నా కాలి మీదున్నాడు."

"బంతి ఎవరు వేశారు?"

విల్మర్ ఆమె ముఖం చూశాడు. తర్వాత నేల చూశాడు. "మేం ఒకరి మీద ఒకరం చెప్పుకోం మిస్ వెర్నా. కానీ అతను నన్ను చూడ్డానికి ఇలా తిరుగుతున్నాడు" అని మెడ మొత్తం ఎడమకు తిప్పి చూపించాడు. గుడ్లగూబలా. "ముందు కంటి కొనతో చూసి వేసేవాడు. ఇప్పుడు మొత్తం తిరిగి వేస్తున్నాడు. ఆ తిరిగే లోపల నా కాలు పోతుంది."

ఐసు సంచి మళ్లీ బిగించుకుని నవ్వాడు.

కట్లు కట్టే గది తెల్లగా, చల్లగా ఉంది. హూపర్ అనే ఆయన అక్కడి ట్రైనర్. దెబ్బలు చూసేదీ, ఎవరు ఆడగలరో ఎవరు ఆడలేరో తేల్చేదీ ఆయనే. వెర్నాను చూడగానే చేతులు కట్టుకుని, "సుడిగాలి హెచ్చరిక వచ్చిందని నాకు ఫోన్ చేసింది మీరే కదూ?" అన్నాడు.

"రెండుసార్లు" అంది ఆమె సిగ్గుపడుతూ.

"మూడు. మూడోసారి బస్సు ఆలస్యమైందని."

తల్లులు నవ్వారు. వెర్నా కూడా నవ్వబోయింది. అప్పుడు గోడ మీద చూసింది. తలుపు పక్కన కళ్లు పరీక్షించే అట్ట వేలాడుతోంది. పైన పెద్ద అక్షరం ఒకటి. కింద రెండు. ఇంకా కింద చిన్నవి, ఇంకా చిన్నవి. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా ఆమె పెదాలు కదిలాయి. మూడో వరుస అయింది. నాలుగో వరుస అయింది.

"జడ్, ఆర్, కె, డి, ఎస్, ఎన్."

పక్కనున్న తల్లి, బంతులు విసిరే పిచ్చర్ కుర్రాడి తల్లి, మెచ్చుకోలుగా చూసింది. "అబ్బ, ఏం చూపండీ మీది. నాకు అక్కడ చీమలే కనబడుతున్నాయి."

వెర్నా చేతిని కళ్ల దగ్గరకు తీసుకుపోయింది. కళ్లజోడు లేదు. జూన్ వంటింటి గట్టు మీద ఉంది. ఆమెకు కూడా ఆ వరుస బూజులాగే కనబడుతోంది. చూసి చదవలేదామె. నోటికి వచ్చింది, అప్పజెప్పింది.

రెండు వారాల కిందట, దెబ్బ తగిలిన మర్నాడు, వాడు ఫోన్ చేశాడు. జట్టులో కొత్త సంకేతాలు పెట్టారమ్మా, అక్షరాల గొలుసు, అప్పజెప్పించుకుంటావా అన్నాడు. చిన్నప్పుడు వాడికి ఏదీ చదివితే ఎక్కేది కాదు. అమ్మ అడిగితే, అమ్మకు చెబితే ఎక్కేది. ఎక్కాలు అలాగే వచ్చాయి. రాష్ట్రాల రాజధానులు అలాగే వచ్చాయి. పిల్లవాడికి ఇరవై రెండేళ్లొచ్చినా తనకు పాఠం అప్పజెబుతానన్నాడని ఆమె పొంగిపోయింది. మధ్యాహ్న భోజనం పట్టిక వెనక్కి తిప్పి ఐదు వరుసలూ రాసుకుంది. వారం రోజులు, రోజూ గిన్నెలు కడిగాక, చెవికి ఫోన్ ఆనించుకుని, తప్పు చెబితే దిద్దింది. ఐదో వరుస దగ్గర వాడు తడబడేవాడు. మళ్లీ చెప్పు అనేది. మళ్లీ చెప్పేవాడు. చివరి రోజున ఒక్క తప్పు లేకుండా చెప్పాడని కేకు చేసుకుంది.

అవి జట్టు సంకేతాలు కావని, ఈ అట్టేనని తెలిసి ఆమె కొడుకును వెతుక్కుంటూ బయటికి నడిచింది.

గ్యారెట్ స్టాండు కిందున్న బ్యాటింగ్ పంజరంలో ఒంటరిగా ఉన్నాడు. వలల మధ్య బ్యాటు భుజాన వేసుకుని నిలబడ్డాడు, కానీ బంతిని కొట్టడం లేదు. ఆమె వలలోపలికి వచ్చి తడిక తలుపు వేసింది.

"జడ్, ఆర్, కె" అంది.

వాడు బ్యాటు దింపాడు.

"డి, ఎస్, ఎన్" అన్నాడు.

ఆమె దగ్గరికి వెళ్లింది. వాడు తలకాయంత పొడుగు తనకన్నా. చెయ్యెత్తి, వాడి కుడి కన్ను అరచేత్తో మూసింది. వాడు వద్దని అనలేదు. చిన్నప్పుడు జ్వరం చూసినట్లు చూస్తుంటే ఎలా నిలబడేవాడో అలాగే నిలబడ్డాడు.

"నా ముఖం కనబడుతోందా?"

"నీ జుట్టు కనబడుతోంది."

"ముఖం అడుగుతున్నాను."

"నుదురు దాకా ఉందమ్మా. కింద లేదు. నల్లగా ఉంది." గొంతు మామూలుగానే ఉంది, ఆటలో స్కోరు ఎంతో చెబుతున్నట్లు. "మొదట్లో ఎడమ మూల కొంచెం. దీపాలు మెరిసినట్లుండేవి. పోయిన ఆదివారం నుంచి తెర లేచినట్లు కింద నుంచి వస్తోంది. రోజుకింత."

ఆమె చెయ్యి తీసింది. తన బతుకంతా ఆమె భయపడింది. చెరువులో మునుగుతాడేమోనని, బస్సు బోల్తా పడుతుందేమోనని, హోటల్లో తిన్నది పడదేమోనని. ఎప్పుడూ ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే అలవాటైపోయింది. ఇప్పుడు నిజంగా జరిగాక ఎలా నిలబడాలో ఆమెకు తెలియలేదు.

"ఎవరికైనా చూపించావా?"

"మంగళవారం. కళ్లద్దాల షాపులో ఒకావిడ. దీపం పెట్టి చూసి కుర్చీలోంచి లేచిపోయింది. లోపలి పొర ఊడొస్తోందంది. గోడ మీద కాగితం చెమ్మకి ఊడినట్లు. అప్పటికప్పుడు ఆసుపత్రికి పొమ్మంది. ఫోన్ చేస్తానంది. నేనే చేసుకుంటానన్నాను."

"మంగళవారం" అంది వెర్నా. వేళ్లు మడిచింది. "ఇవాళ ఆదివారం."

"కోస్తారంట. కోసిన తర్వాత రెండు వారాలు బోర్లా పడుకోవాలంట, తల ఎత్తకుండా. సీజన్ పోతుంది."

"పోతే పోనీ."

"నాకు సీజన్లు లేవమ్మా పోగొట్టుకోడానికి." వాడు మొదటిసారి గొంతు పెంచాడు, వెంటనే తగ్గించుకున్నాడు. "నేను మొదటి రౌండు వాణ్ణి కాదు. వాడికైతే కన్ను పోతే ఇంకో కన్ను కొనిస్తారు. పంతొమ్మిదో రౌండోడు బోర్లా పడుకుని లేచేసరికి లాకరు మీద ఇంకొకడి పేరుంటుంది. విను. ట్రిపుల్-ఎలో షార్ట్‌స్టాప్‌కి శుక్రవారం మణికట్టు విరిగింది. ఇవాళ పైనుంచి మనిషిని పంపారు. గడ్డి టోపీ పెట్టుకుని, బ్యాటు పట్టేవాడు నిలబడే ప్లేటు వెనకాల కూర్చుంటాడు. ఎవరిని చూడ్డానికి అనుకుంటున్నావ్?"

"ఒక్క కన్నుతో ఏం చూపిస్తావురా ఆయనకి?"

"పదకొండు రోజుల్నించి చూపిస్తూనే ఉన్నాను. ఒక్క బంతి వదల్లేదు."

"విల్మర్ కాలు చూశాను."

వాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. దవడ ఎముక కదిలింది.

"నువ్వు చెప్పు గ్యారెట్. నేను పక్కన నిలబడతాను. నువ్వే వెళ్లి హూపర్‌కి చెప్పు."

"ఆట అయ్యాక."

"వేలు విరిగి రెండు రోజులు జేబులో చెయ్యి పెట్టుకు తిరిగిన పిల్లాడివి. ఆట అయ్యాక అంటావు. తర్వాత ట్రిపుల్-ఎలో మొదటి ఆట అయ్యాక అంటావు."

"అయితే వెళ్లి నువ్వే చెప్పు." బ్యాటు వలకు ఆనించాడు. "గాలేస్తే ఫోన్ చేస్తావ్. ఉరిమితే ఫోన్ చేస్తావ్. హూపర్ ఫోన్‌లో నీ పేరు ఏమని ఉందో తెలుసా? వాతావరణ శాఖ. వెళ్లి చెప్పు, ఎవరు నమ్ముతారో చూద్దాం. నమ్మితే అడుగుతారు, మరి గురువారం పరీక్షలో అక్షరాలెలా చదివాడూ అని. అప్పుడు ఎవరు నేర్పారో కూడా చెప్పు."

అన్న మాట నోటినుంచి జారాక వాడికే తగిలింది. "అమ్మా, అలా కాదు" అన్నాడు. దగ్గరకు వచ్చాడు. ఆమె చొక్కాకున్న రెండు పువ్వుల్లో ఒకటి వంకరగా ఉంటే సరిచేశాడు. రెండుసార్లు తడిమి గానీ పట్టుకోలేకపోయాడు.

"సాయంత్రం దాకా. ఒక్క సాయంత్రం దాకా నాకోసం నోరు మూసుకో. నాలుగేళ్లు. నువ్వే లెక్కపెట్టుకో ఎన్ని బస్సులో."

ఆమె ఏమీ అనలేదు. అనకపోవడాన్ని వాడు ఒప్పుకోలు కింద తీసుకున్నాడు.

"ఇంకొకటి" అన్నాడు వెళ్లబోతూ. ఈసారి గొంతులో బెరుకు ఉంది. "బంతి వేసేటప్పుడు. నా కుడి భుజం మీదకి వెయ్యి. గ్లవ్ అక్కడే పెట్టి ఉంచుతాను."

అంటే వాడు అది కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. తల్లి విసిరే మెత్తటి బంతికి కూడా భయపడి పెట్టుకున్నాడు.

వెర్నా మళ్లీ హూపర్ గది దాకా వెళ్లింది. తలుపు తీసే ఉంది. ఆయన బల్ల మీద పడుకున్న పిచ్చర్ భుజానికి పట్టీ చుడుతున్నాడు.

"మళ్లీ వర్షమా మిస్ వెర్నా?"

"మా వాడి కన్ను."

"మీరు దిగులు పెట్టుకోకండి." ఆయన గొంతులో నిజంగా దయ ఉంది, అదే ఆమె ప్రాణం తీసింది. "గురువారం నేనే చూశాను. ఐదో వరుస దాకా గడగడా చదివేశాడు. మీ కన్నా నా కన్నా నయం."

ఆ వరుస నేను నేర్పాను. నాలుగు ముక్కలే. నోటి దాకా వచ్చాయి. అప్పుడే కళ్ల ముందు కదిలింది ఆ కుర్రాడి నాలుగేళ్ల బతుకు. బస్సు నేల మీద గోనె సంచిలా పడుకున్న రాత్రులు, వేరుశెనగ వెన్న పూసిన రొట్టె తిని ఆడిన ఆటలు, పుట్టినరోజు నాడు జట్టు లాండ్రీలోంచి చేసిన ఫోను. ఈ నాలుగు ముక్కలతో అదంతా తుడిచిపెట్టుకుపోతుంది. తుడిచిపెట్టింది అమ్మ అవుతుంది. "సరే నాయనా" అని తిరిగి వచ్చేసింది. నడవాలో గోడ పట్టుకుని నడిచింది. తను పిరికిదని తెలుసు గానీ ఇంత పిరికిదని ఆమెకు ఆ రోజే తెలిసింది.

రెండింటికి పది నిమిషాలుంది. ఎండ తలలు పగిలేలా ఉంది. ఆరు వేల మంది జనం, కొత్తగా నీళ్లు చల్లిన ఎర్రమట్టి, గులాబీ రంగు పట్టీలు కట్టుకున్న కుర్రాళ్లు. మైకులో ఒక్కో తల్లి పేరూ పిలుస్తున్నారు. తల్లులు పిచ్చర్ దిబ్బకీ ప్లేటుకీ సగం దూరంలో నిలబడుతున్నారు. కొడుకులు ప్లేటు వెనక గొంతుక్కూర్చుని గ్లవ్ చాపుతున్నారు. పిచ్చర్ తల్లి వేసిన బంతి మూడు అడుగులు పోయి చచ్చింది. జనం ఆనందంగా గోల చేశారు. కొడుకు పాకుకుంటూ వచ్చి అందుకున్నాడు.

"అర్కన్సా నుంచి, మన షార్ట్‌స్టాప్ తల్లి, వెర్నా పిట్స్."

ఆమె నడిచింది. చేతిలో బంతి పెట్టారెవరో. ఎర్ర కుట్లు వేళ్ల కిందకు వాటంతట అవే వచ్చాయి. డ్వేన్‌ది ఎప్పుడూ రెండో షిఫ్టే. అందుకని పెరట్లో, గ్యాసు ట్యాంకు పక్కన, పదేళ్లు ఈ పిల్లాడికి బంతులు వేసింది ఆమే. వంటింటి ఏప్రాన్‌తోనే వేసేది. ఎడమకి అంటే ఎడమకి, మోకాలికి అంటే మోకాలికి. చీకటి పడి బంతి కనబడకపోయినా వాడు పట్టేవాడు, అమ్మ చెయ్యి ఎలా తిరిగిందో చూసి.

ప్లేటు వెనక వలకు ఆవల, మూడో వరుసలో, గడ్డి టోపీ మనిషి. మోకాలి మీద పుస్తకం. పక్కవాడితో ఏదో మాట్లాడుతూ నవ్వుతున్నాడు. ఆటగాళ్లు కూర్చునే డగౌట్ కడ్డీ మీద మోచేతులు ఆనించి, అందరూ స్కిప్ అని పిలిచే మేనేజరు మెల్లార్డ్, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఊస్తున్నాడు.

గ్యారెట్ గొంతుక్కూర్చున్నాడు. గ్లవ్ ఎడమ చేతికి తొడిగి, ఒంటికి అడ్డంగా తెచ్చి కుడి భుజం ముందు పెట్టాడు. ఇక్కడ, అని రెండుసార్లు తట్టి చూపించాడు. నవ్వుతున్నాడు. ఆ నవ్వులో వాడు ఏడేళ్ల వాడు.

వాడు అడిగిన చోటికే వేస్తే సాయంత్రం దాకా గడుస్తుంది. సాయంత్రం గడిస్తే ఫోను వస్తుంది. రేపు ట్రిపుల్-ఎ. ఎల్లుండి ఎవడో తొంభై మైళ్ల వేగంతో తల మీదకు వేస్తాడు, ఎడమ వైపు నుంచి. వీడికి కనబడదు. ఆ శబ్దం వెర్నాకు ఇప్పుడే వినబడింది. విల్మర్ రెండో కాలు కూడా కనబడింది. చెప్పడానికి నోరు రాలేదు. చెయ్యి వస్తుందా అని చూసుకుంది.

మెత్తగా, నడుం ఎత్తున, చంటిపిల్లకు ఇచ్చినంత నెమ్మదిగా, ఆమె బంతిని వాడి ఎడమ వైపుకు వేసింది.

వాడు కదల్లేదు. గ్లవ్ కుడి భుజం ముందే ఉండిపోయింది. బంతి మోచేతి పక్కనుంచి జానెడు దూరంలో పోయి, వెనక వలకు తగిలి, మట్టిలో దొర్లింది. వల చప్పుడు విన్నాక వాడు తల తిప్పాడు.

జనం పగలబడి నవ్వారు. అమ్మలు వేసే బంతులకి నవ్వినట్లే నవ్వారు. గడ్డి టోపీ మనిషి కూడా తొడ చరిచాడు. గ్యారెట్ లేచి, రెండు చేతులూ చాచి, మా అమ్మ అంతే అన్నట్లు జనం వైపు తిరిగి భుజాలెగరేశాడు. వాళ్లు ఇంకా నవ్వారు. తర్వాత వాడు ఆమె వైపు చూశాడు. ఆ ముఖంలో నవ్వు లేదు. ఆ చెయ్యి గురి తప్పదని ఈ మైదానంలో తెలిసిన ఒకే ఒక్క మనిషి వాడు.

కానీ స్కిప్ నమలడం ఆపేశాడు. కడ్డీ మీదనుంచి మోచేతులు తీశాడు. డగౌట్ మెట్లెక్కి, గీతలు దాటి, తొందరేమీ లేనట్లు గడ్డి మీద నడుచుకుంటూ వచ్చాడు. వలదగ్గర పడిన బంతిని తెప్పించలేదు. తన జేబులోంచి ఒకటి తీశాడు.

"మ్యామ్" అన్నాడు టోపీ తాకుతూ. "ఈ కుర్రాడికి ఇంటిదగ్గర బంతులు వేసింది ఎవరు? నాన్నా?"

"నేనే."

"ఎన్నేళ్లు?"

"పదేళ్లు."

ఆయన తల ఊపాడు. కొడుకు వైపు చూడలేదు, ఆమె చేతినే చూశాడు. "ఏ షార్ట్‌స్టాప్ అయినా నిద్రలో పట్టే బంతి అది. గ్లవ్ ఉన్న వైపుకి, నడుం ఎత్తున." బంతి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. గొంతు తగ్గించాడు. "ఇంకొకటి వెయ్యండి మ్యామ్. సరిగ్గా అక్కడికే."

మైకు ఊరుకుంది. జనం ఇదేదో తమాషా అనుకుని ఇంకా నవ్వుతున్నారు.

ప్లేటు వెనక గ్యారెట్‌కు ఆ మాటలు వినబడ్డాయో లేదో, ఆయన పెదాలు చూసి గ్రహించాడో, మళ్లీ గొంతుక్కూర్చున్నాడు. తల తిప్పలేదు, తిప్పితే స్కిప్ చూస్తాడు. ముఖం నిటారుగా ఉంచి, కళ్లు అమ్మ మీదే నిలిపి, గ్లవ్‌ను మెల్లమెల్లగా కుడి భుజం ముందునుంచి ఎడమకు జరిపాడు. తనకు కనబడని చోటికి. నడుం ఎత్తున ఆపాడు. తెరిచి పెట్టాడు.

ఆ గ్లవ్‌లోకే వేస్తే చాలు. పట్టాడని అందరూ అనుకుంటారు. ఒక్క జానెడు అటు వేస్తే వాడికి కనబడటం లేదని తేలిపోతుంది, ఇక ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు.

వద్దమ్మా, అన్నట్లు వాడి తల అటూ ఇటూ ఊగింది, ఆమెకు మాత్రమే కనబడేంత.

వెర్నా చెయ్యి పైకి లేచింది. (సశేషం)